ఇంట్లో పంపకాలు జరుగుతుంటే పాత కుక్కర్‌లో కేక్ చేసుకోవడం ఎలా

ముందు కుక్కర్ సంగతి చెప్తాను. మాది అనంతపురం, పాతూరు. మామ పోయిన ఏడాదికి మా ఇంట్లో భాగాలు పంచుకున్నారు. పొలం దగ్గర మాటామాటా పెరిగింది, ఆడపడుచు భాగం దగ్గర ఇంకా పెద్ద రచ్చయింది. ఆడపిల్లకు భాగమేంది అని అరిచినవాళ్ళకు 1986లోనే మన రాష్ట్రం చట్టం చేసిందనీ, 2005లో కేంద్రం దేశమంతటికీ చేసిందనీ చెప్పే మనిషి ఆ వసారాలో ఒక్కరూ లేరు. తీరా గిన్నెల దగ్గరికి వచ్చేసరికి పెద్దమనుషులు అలసిపోయి "ఇవి ఆడోళ్ళు చూసుకోండి" అని చెప్పులేసుకున్నారు. గంగాళం, ఇత్తడి బిందెలు, గ్రైండరు చెరోపక్కకు పోయాక అటక మీద ఒక 5 లీటర్ల అల్యూమినియం కుక్కర్ మిగిలింది. ఒక చెవి విరిగిపోయింది, రబ్బరు సాగిపోయింది, విజిల్ ఎప్పుడో పోయింది. దాన్ని ఎవరూ అడగలేదు, నేను తెచ్చుకున్నాను. ఇప్పుడు నా ఓవెన్ అదే.

ఇల్లు ఇట్లా ఉంటే నీకు కేకులు ఎట్లా గుర్తొచ్చాయే అని మా అమ్మే అడిగింది. నిజం చెప్పాలంటే వంట చేయబుద్ధి కాకనే కేక్ మొదలుపెట్టాను. అన్నం, పప్పు, చారు, రాత్రికి మళ్ళీ సంగటి, ఇవన్నీ ఒకరి కోసం ఒక టైముకు చేసి తీరాల్సినవి. ఉప్పు తక్కువైతే ఒక మాట, ఆలస్యమైతే ఒక మాట, గొడవల రోజుల్లో ఆ మాట అక్కడితో ఆగదు, పప్పులో మొదలై పొలం గట్టు దాకా పోతుంది. కేక్ అట్లా కాదు. దాన్ని ఎవరూ అడగలేదు, అది లేకపోతే ఎవరూ పస్తుండరు, మాడిపోతే పారేసి ఊరుకోవచ్చు, ఎవరికీ సంజాయిషీ చెప్పాల్సిన పని లేదు. పైగా ఇంట్లో ప్రతి మాటా రోజుకో తీరుగా మారుతుంటే ఇక్కడ మాత్రం ఒక కప్పంటే ఒక కప్పే. మూత పెట్టాక 40 నిమిషాలు ఎవరు వచ్చినా ఏమీ చేయలేరు, నేను కూడా.

కేక్ చేస్తే అన్నదమ్ములు కలుస్తారని మాత్రం అనుకోవద్దు. ఆ ఆశతో చేయాలనుకుంటే ఇక్కడే ఆగిపోండి, మైదా వేస్టు.

ఏ రోజు ఏం చేయాలన్నది ముందు తేల్చుకోండి, ఇది ఏ వంటల వీడియోలోనూ చెప్పరు. చేతులు వణికేంత కోపంగా ఉన్నప్పుడు కేక్ జోలికి పోవద్దు. మైదాలో తడి తగిలాక కలిపే కొద్దీ జిగురు సాగుతుంది, దాన్నే గ్లూటెన్ అంటారు, కోపంలో గిరగిరా తిప్పేశామనుకోండి, ఆ కేక్ హవాయి చెప్పులాగా తయారవుతుంది. పంపకాల కాగితం రాసుకున్న రోజు నేను చేసింది అదే, మా పిల్లోడు దాన్ని నేలకేసి కొట్టి "ఎగురుతుందమ్మా" అన్నాడు. కానీ బన్నుకు ఆ జిగురే కావాలి, ఎంత పిసికితే అంత మంచిది, కాబట్టి కోపం వచ్చిన రోజు బన్ను. మనసు ఒకచోట నిలవక అటూ ఇటూ పరిగెత్తే రోజు కేక్, ఎందుకంటే కొలతల మీద కన్ను పెట్టాలి, వేరే ఆలోచన చేశారా తప్పు పోతుంది. ఊరికే ఏడుపొచ్చే రోజు బిస్కెట్లు, ముద్ద చేయి, వత్తు, పెట్టు, మళ్ళీ ముద్ద చేయి, అంతే, బుర్రతో పని లేదు.

సామాను గురించి ఎక్కువ హైరానా పడొద్దు. మైదా, చక్కెర, పెరుగు, నూనె, బేకింగ్ పౌడర్, వంట సోడా, వెనీలా ఎసెన్స్, ఇవన్నీ పాతూరు అంగళ్ళలో ఒకే వీధిలో దొరుకుతాయి. కొలత కప్పులు, స్పూన్ల సెట్ ఒకటి కొనుక్కోండి, ఇందులో మాత్రం పిసినారితనం పనికిరాదు. కప్పంటే 240 మి.లీ., టీ స్పూన్ అంటే 5 మి.లీ., టేబుల్ స్పూన్ అంటే 15. ఈ తేడా తెలియక నేను మొదటిసారి సోడా అన్నం తినే స్పూనుతో వేశాను, కేక్ పొంగనైతే పొంగింది గానీ నోట్లో పెట్టుకుంటే బట్టల సబ్బు. మైదాను డబ్బాలో ముంచి అదిమి తీయొద్దు, స్పూనుతో కప్పులోకి వదులుగా వేసి పైన చాకుతో గీయండి, అప్పుడు ఒక కప్పు 125 గ్రాములు వస్తుంది, అదిమితే 150 దాటిపోతుంది, కేక్ గట్టిపడేది అక్కడే.

సోడాకూ బేకింగ్ పౌడర్‌కూ తేడా ఏందంటే, సోడాకు పులుపు తగలాలి, పెరుగో నిమ్మరసమో బెల్లమో ఉంటేనే అది బుసబుస పొంగి గ్యాస్ వదులుతుంది. బేకింగ్ పౌడర్‌లో సోడాతోపాటు ఆ పులుపు సరుకు కూడా పొడిగానే కలిపి ఉంటుంది, తడి తగిలితే కొంత, వేడి తగిలితే మిగతాది పని చేస్తుంది. ఒకటి లేదని ఇంకోటి అదే కొలతకు వేయకండి. డబ్బా పాతదైతే అర స్పూను పొడి మీద వేడినీళ్ళు పోసి చూడండి, గట్టిగా నురగ వస్తే ఇంకా బతికుంది.

కుక్కర్ తయారీ జాగ్రత్తగా చదవండి, ఇక్కడ తమాషా పనికిరాదు. మూతకున్న రబ్బరు తీసేయాలి, విజిల్ తీసేయాలి. రెండూ. లోపల నీళ్ళు పోయం, పొడి వేడి అది, ఆవిరి బిగించే పని ఎక్కడా ఉండకూడదు. రోజూ పప్పు ఉడికించే మంచి కుక్కర్‌ను దీనికి వాడొద్దు, నీళ్ళు లేకుండా కాగితే రంగు మారుతుంది, అడుగు పాడవుతుంది, పాతదేదైనా తీసుకోండి. పాతది లేకపోతే మందపాటి అడుగున్న పెద్ద గిన్నె, దానికి సరిగ్గా కూర్చునే బరువైన మూత ఉన్నా చాలు. అడుగున రెండు కప్పుల కల్లుప్పు పరవండి, దాని మీద చిన్న స్టాండు, లేదా అంచున్న చిన్న ప్లేటును బోర్లించండి. మూత పెట్టి మధ్య మంట మీద 10 నిమిషాలు వేడెక్కనివ్వండి. ఉప్పు వేడిని పట్టుకుని నిదానంగా అన్ని పక్కలకూ ఇస్తుంది, లేకపోతే మంట నేరుగా టిన్ను అడుగును కొడుతుంది, అడుగు బొగ్గు, పైన పచ్చి. మొదటిసారి వేడెక్కేటప్పుడు ఉప్పు చిటపటలాడుతుంది, భయపడొద్దు, అందులోని తేమ అది.

ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్, ఉన్నవాళ్ళు 180 డిగ్రీల దగ్గర 10, 15 నిమిషాలు ముందే వేడి చేసుకోండి. మిగతాదంతా ఒకటే.

ఇప్పుడు కేక్. కోడిగుడ్డు లేనిది చెప్తున్నాను, మా అత్త శనివారం తినదు, సోమవారం తినదు, ఏ రోజు తింటుందో లెక్కపెట్టడం కన్నా అసలు వేయకపోవడమే సులువు. ఒక కప్పు పెరుగు తీసుకోండి, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసింది వద్దు, బాగా పులిసింది వద్దు. మన ఎండలకు పొద్దున తోడుకున్నది మధ్యాహ్నానికి పులుస్తుంది కాబట్టి పొద్దున్నే చేయడం మేలు. అందులో ముప్పావు కప్పు చక్కెర వేసి కరిగేదాకా కలపండి, అడుగున గరగర వినిపించకుండా పోవాలి. ఇందులో ఒకటింపావు టీ స్పూన్ బేకింగ్ పౌడర్, అర టీ స్పూన్ సోడా వేసి ఒకసారి కలిపి 5 నిమిషాలు వదిలేయండి. గిన్నెలోకి తొంగి చూస్తే అంచుల నుంచి చిన్న చిన్న బుడగలు లేచి, పెరుగు మెల్లగా ఉబ్బి, పైన చిట్లి మళ్ళీ లేస్తూ ఉంటుంది. ఆ 5 నిమిషాలు నేను దాన్నే చూస్తూ నిలబడతాను. పెద్దమనుషులు ముందర గదిలో మాట్లాడుతున్న రోజు కూడా అట్లాగే నిలబడ్డాను.

తర్వాత అర కప్పు నూనె, ఒక టీ స్పూన్ వెనీలా. నూనె వాసన లేనిది పోయండి. మన గానుగ చెనక్కాయ నూనె సంగటిలోకి, పచ్చిమిరపకాయ పచ్చడిలోకి ఎంత బాగుంటుందో నాకూ తెలుసు, కానీ కేక్‌లో పోస్తే మిరపకాయ బజ్జీల బండి వాసన వస్తుంది. ఇప్పుడు ఒకటిన్నర కప్పు మైదాను జల్లించి, రెండు మూడు విడతలుగా వేస్తూ గరిటెతో కింది నుంచి పైకి మడిచినట్టు కలపండి. పొడి మైదా కనిపించకుండా పోయిందా, ఆపేయండి. అక్కడక్కడా చిన్న ఉండలున్నా పర్వాలేదు, వాటి కోసం పట్టుబట్టి తిప్పొద్దు. 7 అంగుళాల టిన్నుకు నూనె రాసి మైదా చల్లి దులిపి, పిండి పోసి, రెండుసార్లు గట్టు మీద తట్టి, కుక్కర్‌లో దించండి. సోడా పని అప్పటికే మొదలైపోయి ఉంటుంది కాబట్టి పిండి కలిపాక ఫోన్ మాట్లాడుతూ నిలబడకూడదు. మంట సిమ్‌కి తగ్గించి 40 నుంచి 50 నిమిషాలు, ఓటీజీలో అయితే 35 నుంచి 40.

మొదటి అరగంట మూత తీయొద్దు. లోపల బుడగలు పిండిని పైకి నెడుతుంటాయి, పిండి ఇంకా గట్టిపడి ఉండదు, అప్పుడు మూత తీస్తే వేడి దిగిపోయి మధ్యలో గుంట పడుతుంది. ఒకసారి గుంట పడిందా, మళ్ళీ ఎంత వేడి చేసినా లేవదు. నాకు ఇది తెలిసి కూడా మొదటి రెండు కేకులకూ తీసి చూశాను.

మరి ఆ 40 నిమిషాలు ఏం చేయాలి? నేను ఫోన్ బియ్యం డబ్బా మీద పెట్టి పెరట్లో మెట్టు మీద కూర్చుంటాను. మా కుటుంబం గ్రూపులో ఆ రోజుల్లో గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్యలో ఒకరినొకరు పొడిచే సామెతలు పెట్టేవాళ్ళు, ఎవరి కోసం ఎవరు పెట్టారో చదివి అర్థం చేసుకోవడమే ఒక ఉద్యోగం. కేక్ పొయ్యి మీద ఉన్నంతసేపు ఆ ఉద్యోగానికి సెలవు. గిన్నెలు కడగండి, లేదా కడగకండి. 30 నిమిషాలు దాటాక వాసన మొదలవుతుంది, ముందు వెనీలా వాసన, తర్వాత పాలు కాగిన వాసన, ఆ తర్వాత అంచులు ఎర్రబడే వాసన. మూడోది రాగానే లేచి, కడిగి ఆరబెట్టిన కొత్త చీపురు పుల్ల ఒకటి మధ్యలో గుచ్చి చూడండి. తడి అంటకుండా వస్తే అయిపోయినట్టు, ఒకటి రెండు పొడి ముక్కలు అంటితే ఇంకా మంచిది. దించి 10 నిమిషాలు టిన్నులోనే ఉంచి, అంచు చుట్టూ చాకు తిప్పి బోర్లించండి. వేడి మీద కోస్తే పొడిపొడి అయిపోతుంది, పిల్లలు ఎంత గోల చేసినా పూర్తిగా చల్లారేదాకా ఆగండి. కుక్కర్ కేక్ పైన ఎర్రగా రాదు, తెల్లగానే ఉంటుంది, అది తప్పు కాదు, పైనుంచి వేడి లేదు కదా. బోర్లించి అడుగునే పైభాగం చేసేయండి, ఎవరికీ తెలియదు.

బన్ను సంగతి. రెండు కప్పుల మైదా, ఒక టీ స్పూన్ ఇన్‌స్టంట్ ఈస్ట్, ఒక టేబుల్ స్పూన్ చక్కెర, ముప్పావు టీ స్పూన్ ఉప్పు, సుమారు 160 మి.లీ. గోరువెచ్చని పాలు, ఆఖర్న రెండు టేబుల్ స్పూన్ల వెన్న. పాలు చంటిపిల్లకు స్నానం చేయించే నీళ్ళంత వెచ్చగా ఉంటే చాలు, 60 డిగ్రీలు దాటితే ఈస్ట్ చచ్చిపోతుంది. కలిపిన కొత్తల్లో పిండి చేతికంతా అంటుకుని చిరాకు పుట్టిస్తుంది, అప్పుడు అదనంగా మైదా చల్లొద్దు, అక్కడే అందరూ చెడిపోతారు. గట్టు మీద వేసి అరచేతి అడుగుభాగంతో తోయండి, మడవండి, తిప్పండి, మళ్ళీ తోయండి. తిట్టాలనిపిస్తే తిట్టండి, గట్టు ఎవరికీ చెప్పదు. 10, 12 నిమిషాలకు చేతిని వదిలేసి నున్నగా వస్తుంది, ఓళిగల పిండి ఎట్లా సాగుతుందో అట్లా, చిన్న ముద్ద తీసి వేళ్ళ మధ్య సాగదీస్తే చిరగకుండా అవతలి వెలుతురు కనిపించాలి. అప్పటికి మీ భుజాలు నొప్పి పుడతాయి, కోపం ఉందో లేదో నాకు తెలియదు గానీ గొంతు మాత్రం తగ్గుతుంది.

మూత పెట్టి రెట్టింపు అయ్యేదాకా ఉంచండి. పుస్తకాల్లో గంట, గంటన్నర అని రాస్తారు, అవి చలి ఊళ్ళ లెక్కలు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 దాటే ఎండలో ముప్పావు గంటకే గిన్నె దాటుతుంది, కాబట్టి గడియారాన్ని కాదు పిండిని చూడండి. వేలు పెట్టి నొక్కితే గుంట మెల్లగా, సగమే పూడాలి. గాలి తీసి ఆరు ఉండలు చేసి, టిన్నులో కొంచెం దూరంగా పెట్టి మరో 25 నిమిషాలు ఆగి, పైన పాలు రాసి ఓటీజీలో 190 డిగ్రీల దగ్గర 18 నుంచి 20 నిమిషాలు కాల్చండి. కుక్కర్‌లోనైతే 25 పడుతుంది, పైన రంగు రాదు కాబట్టి తర్వాత పెనం మీద నెయ్యి వేసి ఆ పక్క ఒక నిమిషం కాల్చుకోండి. నిద్ర పట్టని రాత్రులు ఉంటాయి కదా, అప్పుడు ఇదే పిండిని ఈస్ట్ సగానికి తగ్గించి చల్లని పాలతో కలిపి ఫ్రిజ్‌లో పెట్టేయండి, రాత్రంతా నిదానంగా పొంగుతుంది, పొద్దున లేచేసరికి మీ కోసం ఒక పని తయారుగా ఉంటుంది. లేవాలనిపించని పొద్దుల్లో అది నాకు బాగా పనికొచ్చింది.

బిస్కెట్లు అంటే నాకు మా అమ్మ వాళ్ళ ఊరి బట్టీ గుర్తొస్తుంది. ఎండాకాలం సెలవుల్లో మైదా, చక్కెర, డాల్డా ఒక సంచిలో వేసుకుని బేకరీకి పోయేవాళ్ళం, కూలీ ఇస్తే వాళ్ళే కలిపి, అచ్చులు కొట్టి, కట్టెల బట్టీలో కాల్చి ఇచ్చేవాళ్ళు. వేడి రేకుల పక్కన నిలబడి మన రేకు ఎప్పుడొస్తుందా అని చూడటం, కిరసనాయిలు డబ్బాను కడిగి తయారు చేసిన పెద్ద డబ్బాలో ఇంటికి తెచ్చుకోవడం. ఆ రుచి ఇంట్లో రాదు, నేను ఒప్పుకుంటాను. మనది మనం చేసుకుందాం.

చెనక్కాయ బిస్కెట్లకు ఒక కప్పు వేయించి పొట్టు తీసిన చెనక్కాయ విత్తనాలు కావాలి. మిక్సీలో ఆపి ఆపి తిప్పండి, ఒకేసారి తిప్పితే నూనె వదిలి ముద్దైపోతుంది. బరక పొడి అయ్యాక ఒక కప్పు గోధుమపిండి, అర కప్పు బెల్లం పొడి, చిటికెడు ఉప్పు, చిటికెడు సోడా కలిపి, అర కప్పు కరిగించిన నెయ్యి పోసి పిడికిట్లో పట్టి చూడండి. ముద్ద నిలబడకపోతే ఒకటి రెండు స్పూన్ల పాలు. నిమ్మకాయంత ఉండలు చేసి వత్తి 170 డిగ్రీల దగ్గర 15 నుంచి 18 నిమిషాలు, కుక్కర్‌లో సిమ్ మీద 20, 22. దించినప్పుడు మెత్తగానే ఉంటాయి, ఇంకా కాలలేదని మళ్ళీ పెట్టొద్దు, చల్లారితేనే గట్టిపడతాయి. రాగిపిండి వేయాలనుకుంటే గోధుమపిండిలో సగం తీసి వేయండి, మొత్తం రాగే వేస్తే అందులో పట్టి ఉంచే జిగురు లేదు కాబట్టి డబ్బాలో పొడే మిగులుతుంది.

పొట్టు తీసే పని మా అత్తది. పంపకాలయ్యాక ఆమె నెలకొక కొడుకు దగ్గర ఉండాలని పెద్దమనుషులు తేల్చారు, ఒక్క మాట కూడా అడగలేదు ఆమెను. మా వంతు నెలలో గోడకు ఆనుకుని కూర్చునేది, కాఫీ ఇస్తే తాగేది, అంతే. ఒక రోజు వేయించిన విత్తనాలు ముందర పెట్టి "అత్తా, ఇవి కొంచెం చూస్తావా" అన్నాను. ఆమె చేట అడిగింది. రెండు చేతులతో విత్తనాలు నలిపి, పెరట్లోకి పోయి, గాలి ఎటు వీస్తుందో ఒకసారి తలెత్తి చూసి, చేట ఎగరేసింది. ఎర్రటి పొట్టంతా లేచి కొత్తగా కట్టిన గోడ మీదుగా పోయి బావగారి వాకిట్లో పడింది. "ఊడ్చుకుంటార్లే" అని మళ్ళీ ఎగరేసింది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఒక పని ఇవ్వండి, తినమని ప్లేటు చేతిలో పెట్టడం కాదు. ఆమెకు షుగరు, బిస్కెట్ ఒకటికి మించి ఇవ్వను, కానీ పొట్టు మాత్రం ఆమె తప్ప ఎవరూ ముట్టుకోవడానికి లేదు.

పిల్లలకు జల్లించే పని ఇవ్వండి. నేలంతా పిండి పడుతుంది, పడనివ్వండి. మా పాప మైదా జల్లిస్తూ, తల ఎత్తకుండా "మనం కూడా వేరే ఇంటికి పోతామా అమ్మా" అంది. నెలరోజులుగా ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగితే ఏమీ లేదని తల ఊపిన పిల్ల అది. నేను కూడా చక్కెర కలపడం ఆపలేదు. ఆపి మొహం చూస్తే ఇంకేమీ మాట్లాడదని తెలుసు. పోము, ఈ ఇల్లు మనదే, గోడ అవతలిది పెద్దమ్మ వాళ్ళది, బడి అదే, అని తెలిసినంత మటుకు చెప్పాను. "అయితే పెద్దమ్మ వాళ్ళ అన్న నాతో ఆడుకోడా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, తెలియదమ్మా అనే చెప్పాను. పిల్లలు అడిగినదానికి తెలిసింది చెప్పండి, తెలియంది తెలియదనండి, ఈలోపల మైదా జల్లింపు సాగుతూనే ఉంటుంది.

ఇక పంచడం గురించి. పంచాయితీ నడుస్తున్నప్పుడు అవతలి వాళ్ళింటికి కేక్ పంపొద్దు. నేను పంపాను. మూడోసారికే బాగా వచ్చిందని మురిసిపోయి ఎనిమిది ముక్కలు కోసి, స్టీలు ప్లేటులో పెట్టి, పైన బట్ట కప్పి పిల్లోడి చేతికిచ్చాను. అయిదు నిమిషాల్లో వెనక్కి వచ్చాడు, బట్ట కూడా తీయలేదు, "పెద్దమ్మ వద్దనింది" అని. ఆమెను ఏమీ అనలేను, ఆ ఇంట్లోనూ అదే టెన్షన్, తీసుకుంటే మాట, తీసుకోకపోతే మాట. కేక్‌ను రాయబారం పంపింది నేను, తప్పు నాది. పనిమనిషికి ఇవ్వండి, ఎదురింటివాళ్ళకు, బడి ఆటో అన్నకు ఇవ్వండి, మీ గొడవలో లేనివాళ్ళు ఎవరైనా సరే. నాలుగు నెలల తర్వాత మా తోడికోడలే ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది. హలో లేదు, బాగున్నావా లేదు, "పెరుగు ఎంత పోస్తావు?" "ఒక కప్పక్కా, పుల్లంది వద్దు." "సరే" అని పెట్టేసింది. ఆ రోజు సాయంత్రం గోడ అవతల నుంచి వాసన వచ్చింది, కొంచెం మాడింది. మంట సిమ్‌లో పెట్టమని చెప్పడం మర్చిపోయాను.

ఇంకో మాట, ఇది కొంచెం గట్టిగానే చెప్తాను. పిండి కలపడం మందు కాదు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి సహించకపోయినా, బతకాలనిపించకపోయినా డాక్టరు దగ్గరికి పోండి, ఎవరికీ తెలియకుండా మాట్లాడాలంటే టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వానిది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటారు. ఇంట్లో చేయి చేసుకునేదాకా వస్తే ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181 ఉంది. రోజూ కేక్ చేసి రోజూ మీరే తినేస్తున్నా అది కూడా గమనించుకోండి. నేను ఒక నెలలో మూడు కిలోలు పెరిగాను, అప్పటినుంచి వారానికి ఒకటే, అదీ ఆదివారం.

ఎండాకాలం పొద్దున 6 లోపల పొయ్యి వెలిగించండి, 9 దాటాక వంటింట్లో ఉప్పు కుక్కర్ పక్కన నిలబడటం మనవల్ల కాదు. ఓటీజీ వాళ్ళకు ఇంకో బాధ, మధ్యలో కరెంటు పోతే తలుపు తీయకుండా అట్లాగే ఉంచండి, పది నిమిషాల్లో వస్తే కేక్ బతుకుతుంది. కేక్ మన వేడికి రెండు రోజులే బయట ఉంటుంది, మూడో రోజుకు ఫ్రిజ్. ఎండిపోతే వేలెడంత ముక్కలు కోసి, 120 డిగ్రీల దగ్గర అరగంట, లేకపోతే పెనం మీద సన్నని మంటకు అటూ ఇటూ కాల్చండి, టీలోకి రస్కులాగా బాగుంటుంది. బిస్కెట్లు గాలి పోని డబ్బాలో రెండు వారాలు, చీమలు రాకుండా డబ్బాను నీళ్ళ పళ్ళెంలో పెట్టండి.

వాడిన ఉప్పును పారేయక్కర్లేదు, ఇరవై ముప్పై సార్లు వస్తుంది, రంగు మాత్రం బూడిదలా మారుతుంది. వేరే డబ్బాలో పోసి పైన పెద్ద అక్షరాలతో కేక్ ఉప్పు అని రాసిపెట్టండి, రాయకపోతే మా ఆయన లాగా ఎవరో ఒకరు చారులో వేస్తారు. డబ్బాలోకి అప్పుడే పోయకండి, పొయ్యి ఆపిన గంటకు కూడా ఆ ఉప్పు చెయ్యి కాలేంత వేడిగా ఉంటుంది. కుక్కర్‌ను పిల్లలకు అందని మూలకు జరిపి వదిలేయండి. నాదానికి ఒక చెవి లేదు కాబట్టి ఆ పక్క రెండు మడతల బట్ట పట్టుకుంటాను.